వేలంవెర్రికి విరుగుడు

ఉద్యోగమంతా బ్యాంకు క్యాష్ కౌంటర్ వెనకే గడిచింది. నోటు వేలికి తగలగానే అసలుదో కాదో చెప్పగలనన్న గర్వం ఆ కౌంటర్ ఇచ్చింది. ఆ గర్వం ఎంత పల్చనిదో ఆన్‌లైన్ వేలాలు చెప్పాయి.

పాత నాణేలు పోగుచేసే పిచ్చి నాకు ఉద్యోగం కంటే ముందే పట్టుకుంది. చార్మినార్ చుట్టుపక్కల వీధుల్లో, జుమ్మేరాత్ బజారులో గుడ్డ పరుచుకుని అమ్మేవాళ్ల దగ్గర కూర్చుని, నాణేన్ని చేత్తో పట్టి, గోటితో మోగించి, బేరమాడి కొన్నవాళ్లం. 2000లో బాజీ డాట్ కామ్ వచ్చింది. 2004లో దాన్ని ఈబే కొనుక్కుంది. ఇంట్లో కుర్చీలో కూర్చుని కలకత్తా డీలరు దగ్గరున్న రూపాయికి పాట పాడవచ్చంటే మా తరానికి అది ఇంద్రజాలమే. 2018లో ఈబే ఇండియా మూతపడింది. వేలాలు మాత్రం ఆగలేదు. కొన్ని నాణేల వేలం సంస్థల సొంత సైట్లకు వెళ్లాయి, చాలా భాగం ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లోకి దిగాయి. అక్కడ గ్రూపు పెట్టినవాడే పాట నడిపేవాడు, తగవు వస్తే తీర్పు చెప్పేవాడు కూడా వాడే.

కొత్తగా ఈ పిచ్చిలోకి దిగుతున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఎలా కొనాలి, ఎవర్ని నమ్మాలి అని. వాళ్ల కోసమే ఇవి రాస్తున్నాను. నాణెం అన్నచోట పాత కెమెరా అనుకోండి, చేతి గడియారం అనుకోండి, వాడిన ఫోను అనుకోండి. మోసం నడిచే దారి పెద్దగా మారదు.

1. తూకం సరిపోయినంత మాత్రాన సరుకు అసలుది కాదు.

ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 నాటి రూపాయి మా లోకంలో ఎందరికో తీరని కోరిక. వెయ్యి పాళ్లలో 917 పాళ్లు వెండి ఉన్న రూపాయిల్లో చివరిది అదే. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించేశారు. బయటికి వచ్చిన 1939 రూపాయలు బహు తక్కువ. అందుకే నకిలీలు బహు ఎక్కువ.

నేను ఒకటి వేలంలో పాడుకున్నాను. రాగానే తూచాను: 11.66 గ్రాములు, ఉండవలసినంతా ఉంది. అయస్కాంతానికి అంటుకోలేదు. నీళ్ల పరీక్ష చేశాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. నగల త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకె సున్నాకి తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి అడుగుకు తగలకుండా నీళ్లలో ముంచాలి. ఆ వెండి రూపాయికి త్రాసు దాదాపు 1.13 గ్రాములు చూపించాలి. జర్మన్ సిల్వరో ఇత్తడికి పూత పూసిందో అయితే అంకె 1.3 దాటుతుంది. నాది 1.13 దగ్గరే ఆగింది. ఇక అనుమానం ఎందుకని డబ్బీలో పెట్టి, వచ్చిన వాళ్లందరికీ చూపించాను.

నాకంటే పెద్దవారు, ఈ విద్యలో నాకు గురుతుల్యులు, ఒకనాడు దాన్ని పది రెట్ల లెన్స్ కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఆపైన ‘9 తోక చూడు’ అన్నారు. ఆ తోక చుట్టూ లోహం కాస్త పల్లంగా ఉంది, మెరుపు వేరుగా ఉంది. అది 1938 రూపాయి. 8 కింది సున్నాను ఒక పక్క చెక్కేసి 9 చేశారు. అసలు వెండి, అసలు టంకశాల అచ్చు, అసలు తూకం. ఒక్క అంకెలోనే మోసం. నా పరీక్షలన్నీ ‘ఇది వెండేనా’ అన్న ప్రశ్నకు నిజమే చెప్పాయి. నేను అడగవలసిన ప్రశ్న అది కాదు.

ప్రతి వస్తువుకూ దానికే చెందిన మోసం ఒకటి ఉంటుంది. 1939 రూపాయికి తేదీ చెక్కడం, గడియారానికి లోపలి యంత్రం మార్చడం, ఫోనుకు దొంగ సొత్తు కావడం లేదా ఎవరి ఖాతాకో తాళం పడి ఉండటం. 1948 గాంధీగారి పది రూపాయల తపాలా బిళ్ల మీద ‘సర్వీస్’ అన్న ముద్ర పడినవి ప్రపంచంలోనే అరుదైనవి. అందుకే మామూలు పది రూపాయల బిళ్ల మీద దొంగముద్ర కొట్టేవాళ్లున్నారు. మీరు కొనదలచిన వస్తువుకు ఏ నకిలీ అలవాటో పాటకు ముందే తెలుసుకోండి. కేటలాగు కొనడానికి వెనకాడి నాణేనికి వేలు పోసినవాణ్ని చెబుతున్నాను.

2. కథతో వచ్చిన వస్తువుకు కథ ఖరీదు కూడా కలుపుతారు.

‘మా తాతగారి ట్రంకు పెట్టెలో దొరికింది, నాకీ విషయాలేమీ తెలియవు, తెలిసినవాళ్లే చూసి పాడుకోండి.’ ఈ మాట చదివినప్పుడు కొనేవాడి మనసులో ఏమవుతుందో నాకు తెలుసు. అమ్మేవాడు అమాయకుడు, నేను తెలివైనవాణ్ని, చౌకగా కొట్టేయవచ్చు. మోసగాడికి కావలసింది ఆ ఒక్క క్షణమే.

ఇందుకు పెద్ద ఉదాహరణ అమెరికాలో జరిగింది. 2000లో కెన్నెత్ వాల్టన్ అనే న్యాయవాది ఒక పాత నైరూప్య చిత్రాన్ని ఈబేలో 25 సెంట్లకు పెట్టాడు. తనకు బొమ్మల గురించి ఏమీ తెలియనట్టు, ఇంట్లో మూలన పడి ఉన్నదన్నట్టు కథ అల్లాడు. ఫొటోలో ఒక మూల చిన్న అక్షరాలు కనబడేట్టు మాత్రం చూసుకున్నాడు. అది రిచర్డ్ డీబెన్‌కార్న్ అనే పేరున్న చిత్రకారుడి పొడి సంతకమని తెలివైనవాళ్లు తమంతట తామే ‘కనిపెట్టారు’. పాట 1,35,805 డాలర్లకు వెళ్లింది. పత్రికలు కూపీ లాగితే అతనూ అతని స్నేహితులూ మారుపేర్లతో ఒకరి సరుకుకు ఒకరు పాట పెంచుతున్నారని బయటపడింది. అమ్మకం రద్దయింది. వాల్టన్ 2001లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అతను తన నోటితో ‘ఇది డీబెన్‌కార్న్’ అని ఎక్కడా అనలేదు. ఆ మాట కొనేవాళ్ల చేతే అనిపించాడు.

మన దగ్గర నడిచే కథ వేరు: ‘పొలం దున్నుతుంటే కుండలో దొరికాయి, గుట్టుగా అమ్మేస్తున్నాం.’ ఒక్క నిమిషం ఆలోచించండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. కథ అబద్ధమైతే మీరు మోసపోయినట్టు. నిజమైతే దాచిన సొత్తు కొన్నట్టు. ఎటు చూసినా కొనవలసిన సరుకు కాదు. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి కాబట్టి, అమెరికాలోని మేనల్లుడికి సరదాగా పంపుదామనుకునేవాళ్లు కూడా ఆగి ఆలోచించాలి.

రాముడి పట్టాభిషేకమో హనుమంతుడో ఒక వైపు, ‘ఈస్టిండియా కంపెనీ 1818’ మరో వైపు ఉన్న బిళ్లలు ఇప్పటికీ వేలాల్లో తిరుగుతున్నాయి. కంపెనీ అలాంటి నాణెం ముద్రించనే లేదు. బియ్యం గింజల్ని లాగుతుంది, ఇరీడియం ఉంది, విదేశీ శాస్త్రవేత్తలు కోట్లు ఇస్తారు అంటూ వాటికి తోక తగిలించేవాళ్లు వేరే. రైస్ పుల్లర్ కేసుల్లో చదువుకున్నవాళ్లు కూడా ఇళ్లు అమ్ముకున్నారు. ఆ జోలికి నేనెప్పుడూ పోలేదు. అందులో గొప్పేమీ లేదు, నా అత్యాశ వేరే దారిలో తిరిగేది, అంతే.

3. ఎదుటి పాటదారు అమ్మేవాడి మనిషే కావచ్చు.

బాలాపూర్ గణేశుడి లడ్డూ పాట టీవీలో చూడని తెలుగువాళ్లు తక్కువ. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ పాడేవాళ్లంతా ఎదురుగా నిలబడతారు. ఎవరి కొడుకు, ఏం వ్యాపారం, కట్టగలడా లేడా, ఊరందరికీ తెలుసు. ఆన్‌లైన్ వేలంలో మీకు పోటీగా కనబడేది రెండు అక్షరాలు, మధ్యలో నాలుగు చుక్కలు. ఆ చుక్కల వెనక అమ్మేవాడి బామ్మర్ది ఉండవచ్చు, అమ్మేవాడే ఉండవచ్చు.

ఈ వేలాల్లో యంత్రం పని చేసే తీరు ముందు అర్థం చేసుకోండి. మీరు ‘నా గరిష్ఠం 5,000’ అని నమోదు చేస్తే ఆ అంకె ఎవరికీ చూపించరు. ఎదుటివాడు 2,000 పాడితే యంత్రం మీ తరఫున ఒక్క మెట్టు పైకి, 2,100 పాడుతుంది. గెలిచినవాడు రెండోవాడి పాట కంటే ఒక మెట్టు మాత్రమే ఎక్కువ కడతాడు. ఇది చాలా న్యాయమైన పద్ధతి. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో దీనికి దగ్గరి పద్ధతి మీదే పేరుపడ్డ వ్యాసం రాశారు, 1996లో ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు. మా పొరుగు పిచ్చివాళ్లు, తపాలా బిళ్లల వాళ్లు, 19వ శతాబ్దంలోనే ఉత్తరాల మీద ఇలాంటి పాటలు నడిపారు.

ఇంత న్యాయమైన పద్ధతికీ కన్నం ఉంది. రెండోవాడు నిజమైన రెండోవాడైతేనే అది న్యాయం. దొంగ పాటదారు ముందు పెద్ద మొత్తం పాడి మీ గరిష్ఠం ఎంతో బయటపెడతాడు. ‘పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టాను’ అని ఆ పాట వెనక్కి తీసుకుంటాడు. కాసేపటికి ఇంకో పేరుతో వచ్చి మీ గరిష్ఠానికి ఒక మెట్టు కింద పాడి ఆగిపోతాడు. మీరు గెలిచానని సంబరపడతారు, పైసా తక్కువ కాకుండా మీ గరిష్ఠమే కడతారు. వెనక్కి తీసుకున్న పాటల చరిత్ర చూపించే సైట్లలో దాన్ని తప్పక తెరవండి. నిన్న తెరిచిన ఖాతా, ఒకే అమ్మకందారు సరుకుకే పాడే అలవాటు, ఎన్ని పాడినా ఒక్కటీ గెలవని వైనం: ఇవి కలిసి కనబడితే లేచి వచ్చేయండి.

ఒక్కోసారి దొంగ పాటదారు చెయ్యి జారి తానే గెలుస్తాడు. అప్పుడు వచ్చే సందేశం ఇది: ‘గెలిచినాయన డబ్బు కట్టలేదు సార్, రెండో పాట మీదే, ఆ ధరకే మీకు ఇచ్చేస్తాను.’ నేను ఒక ఔరంగజేబు రూపాయికి ఇలాంటి పిలుపు అందుకుని అదృష్టమనుకున్నాను, కట్టేశాను. నాణెం అసలుదే వచ్చింది కాబట్టి చాలాకాలం అది మోసమని కూడా నాకు తట్టలేదు. తర్వాత అదే అమ్మకందారు దగ్గర నాలాంటి వాళ్లకు ఎందరికో గెలిచినవాళ్లు డబ్బు ఎగ్గొట్టారని, అందరికీ రెండో అవకాశం వచ్చిందని మాటల్లో తెలిసింది. ఆ ఎగ్గొట్టినవాడు లేకుండా లెక్క వేసి చూడండి: మూడోవాడి పాట మీద ఒక మెట్టు, నిజానికి నేను కట్టవలసింది అంతే. రెండో అవకాశం వస్తే ఆ ధర అడగండి. నిజాయితీపరుడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మర్యాదగా జవాబిస్తాడు.

వాట్సాప్ పాటల్లో ఈ మాత్రం చరిత్ర కూడా ఉండదు. ‘రాత్రి 9కి ముగింపు’ అంటారు, 8.59కి ఎవరో పాడతారు, అడ్మిన్ గడువు పెంచుతాడు. ఆ ఎవరో ఎవరన్నది అడ్మిన్‌కే ఎరుక.

4. మీ ధర పాట మొదలవక ముందే కాగితం మీద ఉండాలి.

ఆ ధరలో అన్నీ కలపండి. వేలం సంస్థలు పాట ముగిసిన ధర మీద కొనుగోలుదారు కమీషను వేస్తాయి, ఆపైన జీఎస్టీ, పోస్టేజీ, బీమా. ఇవన్నీ పాట పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. నా భార్య ఇంటి ఖర్చుల పుస్తకంలో నా నాణేలకు ఒక పేజీ కేటాయించి, పాట ధర పక్కన చివరికి కట్టిన ధర రాసేది. ఆ రెండు అంకెల మధ్య దూరం చూపించి ఆమె ఏమీ అనేది కాదు. అనకపోవడమే నాకు ఎక్కువగా తగిలేది. రాసుకున్న ధరను ఒకేసారి గరిష్ఠంగా నమోదు చేసి ఫోను పక్కన పెట్టేయండి. చివరి నిమిషాల్లో తెర చూస్తూ కూర్చున్న మనిషి చేత ఎవరైనా ఎంతైనా కట్టించగలరు.

5. డబ్బు ఏ దారిన వెళ్లిందో ఆ దారినే తిరిగి వస్తుంది.

ఈ ఒక్కటి సరిగ్గా పాటిస్తే మిగతావాటిలో తప్పినా బయటపడతారు. అప్పట్లో ఈబే ఇండియాలో పైసాపే అని ఉండేది. కొన్నవాడి డబ్బు ముందు సంస్థ దగ్గర ఆగేది, సరుకు చేరాక అమ్మినవాడికి వెళ్లేది. మధ్యవర్తి దగ్గర డబ్బు ఆగడమే కొనేవాడికి అన్నిటికంటే పెద్ద రక్ష. మోసగాడి మొదటి పని ఆ మధ్యవర్తిని తప్పించడం. ‘సైటుకి కమీషను ఎందుకు దండగ, నేరుగా పంపండి, పది శాతం తగ్గిస్తాను’ అంటాడు. ఆ తగ్గింపు ఇద్దరికీ లాభమే కదా అనిపిస్తుంది. సైటు దాటిన మరుక్షణం సైటు పూచీ పోతుంది.

యూపీఐ అద్భుతమైన ఏర్పాటే. నేను పాల ప్యాకెట్టుకు కూడా అదే వాడతాను. అయితే పిన్ కొట్టిన డబ్బు క్షణంలో అవతలి ఖాతాలో ఉంటుంది, మన బ్యాంకు దాన్ని తనంతట తాను వెనక్కి లాగలేదు. క్రెడిట్ కార్డుతో కడితే సరుకు రాలేదని, వేరేది వచ్చిందని బ్యాంకులో వివాదం పెట్టే దారి ఉంది. ముఖం తెలియని అమ్మకందారుకు పెద్ద మొత్తం కట్టవలసి వస్తే ఆ తేడా గుర్తుంచుకోండి. యూపీఐలో కట్టక తప్పకపోతే తెర మీద కనబడే ఖాతాదారు పేరు, అమ్మేవాడు చెప్పిన పేరు ఒకటో కాదో చూడండి. ‘అది మా మేనేజరు ఖాతా’ అంటే అక్కడితో ఆపండి.

మీరు అమ్మేవాళ్లయినా ఇదే జాగ్రత్త. వాడిన సోఫా అమ్మకానికి పెడితే మిలటరీ యూనిఫాంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు పంపి, ‘బదిలీ మీద వస్తున్నాను, బేరం లేదు, అడ్వాన్సు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అనేవాడు వస్తాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన ఖాతా నుంచి పోతున్నట్టే. క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాడికి ఈ మాట వేరే చెప్పాలా అనుకునేవాణ్ని. నాతో పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు ఇలాగే పోగొట్టుకుని, ఇంట్లో చెప్పలేక నా దగ్గర కూర్చుని ఏడ్చినప్పుడు ఆ అహంకారం పోయింది.

6. మంచిపేరు కూడా కొనుక్కోవచ్చు.

అమ్మకందారు పేరు పక్కన వందల కొద్దీ మెచ్చుకోళ్లు చూసి నమ్మేయకండి. అవి దేనికి వచ్చాయో చదవండి. యాభై రూపాయల బిళ్లలు వందలాదిగా నిజాయితీగా అమ్మి పేరు తెచ్చుకుని, ఒకే వారంలో ఖరీదైన సరుకులు పెట్టి డబ్బుతో మాయమయ్యేవాళ్లున్నారు. కొన్నాళ్లు మూగబోయిన పాత ఖాతా ఒక్కసారిగా లేచి, నిన్నటిదాకా చీరలు అమ్మి ఇవాళ ల్యాప్‌టాప్‌లు అమ్ముతుంటే, ఆ ఖాతా చేతులు మారి ఉండవచ్చు, దొంగిలించి ఉండవచ్చు. మెచ్చుకోళ్ల కంటే ఫిర్యాదులు చదవడమే మేలు. ఒకే రకం ఫిర్యాదు వేర్వేరు మనుషుల నుంచి వచ్చిందా అని చూడండి.

ఈ పాఠం దగ్గర నా మనసు ఇప్పటికీ కలుక్కుమంటుంది. ఈబేలో 2008 దాకా అమ్మినవాడు కూడా కొన్నవాడికి చెడ్డపేరు రాయగలిగేవాడు. ఆ ఏడాది నుంచి ఆపేశారు. ఆ ముందు రోజుల్లో మేమంతా భయపడేవాళ్లం: నేను వాడి గురించి నిజం రాస్తే వాడు నా గురించి అబద్ధం రాస్తాడు, నా చరిత్రలో మచ్చ పడుతుంది. పోత పోసిన నకిలీ ఒకటి నాకు అంటగట్టిన అమ్మకందారు గురించి నేను ఒక్క ముక్క రాయలేదు. డబ్బు పోతే పోయిందనుకున్నాను. ఆ తర్వాత వాడి దగ్గరే కొన్న ఒక కుర్రవాడు, ఏలూరు నుంచి, నాణేల మేళాలో నాకు పరిచయమయ్యాడు. ట్యూషన్ డబ్బులు దాచుకుని కొన్నానన్నాడు. కొనే ముందు వాడి పేజీ అంతా చదివానని, ఒక్క చెడ్డమాట కూడా లేదని చెప్పాడు. నేను తల ఊపి ఊరుకున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

7. ఫొటోలో కనబడనిదాన్ని అడిగి చూడండి.

నాణేనికి అంచు అడగండి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది, లేదా దాన్ని అరగదీసిన గుర్తులుంటాయి. ఏ వస్తువైనా సరే, కాగితం మీద మీ పేరూ ఇవాళ్టి తేదీ రాసి పక్కన పెట్టి ఫొటో తీయమనండి. సరుకు చేతిలో ఉన్నవాడికి అది రెండు నిమిషాల పని. కోపం తెచ్చుకున్నాడంటే సరుకు వాడి దగ్గర లేదని అర్థం. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే బొమ్మ ఎప్పటిదో ఏ విదేశీ వేలం కేటలాగులోనో దొరకడం నేను చాలాసార్లు చూశాను. ఆ కిటుకు నా మనవరాలు నేర్పింది.

పార్శిలు వచ్చాక విప్పే ముందు నుంచే వీడియో తీయండి. కవరు మీద చిరునామా, బరువు, సీలు కనబడాలి. వి.పి.పి.లో ట్రాన్సిస్టర్ తెప్పించుకుంటే ఇటుక వచ్చిందని మా చిన్నప్పుడు చెప్పుకునేవారు. పోస్ట్‌మాన్‌కు డబ్బు కట్టాకే పెట్టె విప్పనిచ్చేవారు కాబట్టి ఎవరి మీద అరవాలో తెలిసేది కాదు. ఇప్పుడు కనీసం వీడియో ఉంది.

8. మీ ఇంట్లోని పాత నోటుకు లక్షలు ఇస్తానన్నవాడు మీ జేబు చూస్తున్నాడు.

ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటు, వైష్ణోదేవి నాణెం, 786 ఉన్న నంబరు. వీటికి లక్షలు పలుకుతాయని తిరిగే వీడియోలు మీకూ వచ్చి ఉంటాయి. ఆ నోట్లు మార్కెట్లో కొన్ని పదులకో వందలకో దొరుకుతాయి. ఫోను చేస్తే మాత్రం పాట నిజంగానే లక్షల్లో నడిచినట్టు చూపిస్తారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, రిజర్వు బ్యాంకు అనుమతి పత్రం ఖర్చు, ఒకటి కట్టాక ఇంకొకటి, అన్నీ తిరిగి వస్తాయంటూ. రిజర్వు బ్యాంకు లోగో ఉన్న ఉత్తరం కూడా పంపుతారు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది: పాత నోట్లు, నాణేల కొనుగోలు, అమ్మకాల్లో తనకు సంబంధం లేదని, ఎలాంటి రుసుమూ కమీషనూ అడగదని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని. ఈ ప్రకటన ప్రింటు తీసి మా అపార్టుమెంటు నోటీసు బోర్డు మీద పెట్టాను. వాచ్‌మన్ చదివి, తన ఊళ్లో వాళ్ల బాబాయి అప్పటికే కట్టేశాడని చెప్పాడు.

9. మోసపోయిన మొదటి గంట సిగ్గుపడటానికి కాదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఆగి ఉండగా ఫిర్యాదు అందితే ఆ మొత్తాన్ని స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. ఫోను చేసే ముందు చేతిలో ఉండవలసినవి: లావాదేవీ యూటీఆర్ నంబరు, అవతలి యూపీఐ ఐడీ లేదా ఖాతా నంబరు, పాట పేజీ, మాటల స్క్రీన్‌షాట్లు. అవతలివాడు సందేశాలు చెరిపేయగలడు కాబట్టి స్క్రీన్‌షాట్లు మొదట తీయండి, తిట్టడం తర్వాత. సరుకు వచ్చి అది చెప్పినది కాకపోతే, అమ్మినది వ్యాపార సంస్థ అయితే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మనిషి మారుపేరుతో కంప్యూటర్ మీద మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. ‘ఇది సివిల్ వ్యవహారం’ అని స్టేషన్లో ఎవరైనా తేల్చేస్తుంటే ఆ సెక్షన్ పేరు మెల్లగా ఎత్తండి.

బ్యాంకువాడిగా ఒక మాట. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మన ఖాతాలో ఎవరో చెయ్యి పెడితే, మూడు పని దినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదు. చాలామంది దీన్నే నమ్ముకుని మూడు రోజులు ఆగుతారు. మన చేత్తో మనమే పిన్ కొట్టి పంపిన డబ్బుకు ఆ రక్షణ వర్తించదు. కౌంటర్ దగ్గర ఎందరో నిలబడి ‘బ్యాంకు ఇవ్వాలి కదా సార్’ అని అడిగారు. అవుననలేక, కాదని గట్టిగా చెప్పే మనసూ రాక, మేనేజరును కలవండని పంపేసేవాణ్ని. కొందరికి ఆ తిరుగుడులోనే విలువైన గంటలు పోయాయి.

ఫిర్యాదు పెట్టిన కొన్నాళ్లకు ఇంకో ఫోను వస్తుంది. మీ పేరు తెలుసు, పోయిన మొత్తం తెలుసు, ఒక్కోసారి ఫిర్యాదు నంబరూ తెలుసు. సైబర్ సెల్ నుంచి అంటాడు, లేదా లాయరునంటాడు. డబ్బు దొరికింది, విడుదల చేయడానికి చిన్న రుసుము కట్టాలి అంటాడు. పోగొట్టుకున్నవాళ్ల జాబితాలు కూడా చేతులు మారుతుంటాయి. పోలీసులు డబ్బు తిరిగి ఇప్పించడానికి మన దగ్గర డబ్బు అడగరు. వాడితో వాదించకండి. ఆ నంబరూ, వాడు ఇచ్చిన యూపీఐ ఐడీ రాసుకుని, వాటిని కూడా అదే ఫిర్యాదుకు జత చేయండి.